సంస్థాగత నిర్మాణ కొలమానాల విశ్వసనీయత, సప్రమాణత

ఒక సంస్థలో అధికారం ఎవరి చేతిలో ఉన్నది, పనులు ఎట్లా విభజింపబడినవి, నియమాలు ఎంతవరకు లిఖితపూర్వకంగా ఉన్నవి అనే విషయాలను అంకెలలో తెలిపే సాధనాలను సంస్థాగత నిర్మాణ కొలమానాలు అంటారు. ఎన్నిసార్లు వాడినా నిలకడైన ఫలితం ఇవ్వడం కొలమానపు విశ్వసనీయత. కొలవదలచినదానినే కొలవడం సప్రమాణత. తరుగుపోయిన తూకపురాయి ప్రతిసారీ ఒకే తూకం చూపుతుంది. అది విశ్వసనీయమే కాని సప్రమాణం కాదు.

నేపథ్యం

మాక్స్ వెబర్ వర్ణించిన ఉద్యోగస్వామ్య లక్షణాలన్నీ ఒకేచోట కలిసి ఉంటాయని చాలాకాలం భావించారు. 1963లో రిచర్డ్ హాల్ ఆరు లక్షణాలను ప్రశ్నావళి ద్వారా విడివిడిగా కొలిచి, అవి కలిసి పెరగడం లేదని చూపాడు. ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ నగరంలో డెరెక్ ప్యూ, డేవిడ్ హిక్సన్, బాబ్ హైనింగ్స్ తదితరులు (ఆస్టన్ బృందం) మరొక మార్గం పట్టారు. వీరు ఉద్యోగుల అభిప్రాయం అడగలేదు. ముఖ్య అధికారులను ప్రశ్నించి, పత్రాలను పరిశీలించారు. 52 సంస్థలపై చేసిన ఈ అధ్యయనం 1968లో వెలువడింది. కేంద్రీకరణను కొలవడానికి 37 నిర్ణయాల జాబితా తయారుచేసి, ఒక్కొక్కటి ఏ స్థాయిలో జరుగుతున్నదో గుర్తించారు.

విశ్వసనీయత పరీక్ష

పునఃపరీక్ష, అర్ధవిచ్ఛేదన పద్ధతులతోబాటు 1951లో క్రాన్‌బాక్ ప్రతిపాదించిన ఆల్ఫా గుణకం ఎక్కువగా వాడుకలో ఉన్నది. 0.70 దాటితే చాలునని పరిశోధకులు సాధారణంగా తృప్తిపడతారు. అయితే ప్రశ్నల సంఖ్య పెంచినా ఆల్ఫా పెరుగుతుంది. కనుక ఆ అంకెనే ప్రమాణంగా చూపడం సరికాదు. పైగా ఇక్కడ కొలిచేది వ్యక్తిని కాదు, సంస్థను. ఒకే సంస్థలోని గుమాస్తా, మేనేజరు భిన్నమైన జవాబులిస్తే వాటి సగటును సంస్థ లక్షణమని చెప్పడం కష్టం. అందువల్ల జవాబుదారుల మధ్య ఏకీభావాన్ని కూడా పరీక్షించాలి. ఐకెన్, హేగ్ రూపొందించిన కొలమానాలను డేవార్, వెట్టెన్, బోజె 1980లో ఈ దృష్టితో పునఃపరిశీలించారు.

సప్రమాణత పరీక్ష

అసలు చిక్కు ఇక్కడే ఉన్నది. లిఖితీకరణను పత్రాల సంఖ్యను బట్టి కొలిస్తే, బీరువాలో దుమ్ము పట్టిన నియమావళికి కూడా మార్కు పడుతుంది. ఉద్యోగులను అడిగితే వారు నిత్యం అనుభవించే నియమమే లెక్కకు వస్తుంది. ఒకే లక్షణాన్ని రెండు పద్ధతులలో కొలిచినప్పుడు ఫలితాల మధ్య అధిక సహసంబంధం ఉండాలని కాంబెల్, ఫిస్కె 1959లో సూత్రీకరించారు. ఈ పరీక్షకు నిర్మాణ కొలమానాలు సరిగా నిలబడలేదు. 1973లో జొహన్నెస్ పెన్నింగ్స్ పరిశీలనలో పత్రాధార కొలతలకూ ప్రశ్నావళి కొలతలకూ పొందిక బలహీనంగా కనిపించింది. 1978లో విజయ్ సాఠే దీనికి వివరణ ఇచ్చాడు: మొదటివి రూపకల్పన చేసిన నిర్మాణాన్ని, రెండవవి ఆచరణలో ఏర్పడిన నిర్మాణాన్ని కొలుస్తున్నాయి.

సిద్ధాంతంపై ప్రభావం

ఈ చర్చ గణాంకాలకే పరిమితం కాదు. నియమాలు పెరిగితే అధికారం పైస్థాయిలో కేంద్రీకృతమవుతుందా, కిందికి దిగుతుందా అనే ప్రశ్నకు జవాబు కొలమానాన్ని, నమూనాను బట్టి మారింది. ఆస్టన్ ఫలితాలలో ఈ రెండూ దాదాపు స్వతంత్రం. 1972లో జాన్ చైల్డ్ బ్రిటన్ అంతటి నుండి 82 సంస్థలను తీసుకొని, అవే కొలమానాలతో వాటి మధ్య విలోమ సంబంధం చూపాడు. ఆస్టన్ నమూనాలో శాఖలు, అనుబంధ సంస్థలు ఎక్కువ. వాటి ముఖ్య నిర్ణయాలు మాతృసంస్థలో జరుగుతాయి. కేంద్రీకరణ మార్కు పెరగడానికి అదొక కారణమని వాదించారు.