ఐదు వరహాలు

ఈసారి దసరాకి నాలుగు రోజులు లీవు పెట్టి అమ్మమ్మ వాళ్ళింటికి వెళ్ళాం. తెనాలి దగ్గర పల్లెటూరు. అమ్మా నాన్నా, ఇద్దరు మావయ్యల కుటుంబాలు, నేను, మా ఆవిడ, ఆరేళ్ళ మా అమ్మాయి. పదిహేనుమందికి రెండు బాత్రూములు. మా ఆవిడది కరీంనగర్. వాళ్ళకి దసరా అంటే బతుకమ్మ, జమ్మి ఆకు, పాలపిట్ట. మా వైపు పండగ చూసి ప్రతిసారీ "ఇంతేనా?" అంటుంది. ఏం చెప్తాం, ఆ రోజు మధ్యాహ్నం వరకూ మా పండగ నిజంగా అంతే. పులిహోర, గారెలు, నిద్ర.

సాయంత్రం మా అమ్మాయి బస్టాండులో కొన్న ప్లాస్టిక్ విల్లు పట్టుకుని వసారాలో తిరుగుతోంది. ఎనభై నాలుగేళ్ళ అమ్మమ్మ దాన్ని దగ్గరికి పిలిచి, విల్లు ఎలా పట్టుకోవాలో చూపించి, ఒక పాట మొదలుపెట్టింది. బడిపిల్లలు దసరాకి పంతులుగారి వెంట ఇంటింటికీ తిరుగుతూ పాడే పాట. మీలో చాలామంది ఎక్కడో ఒకచోట వినే ఉంటారు. అయ్యవారికి ఐదు వరహాలు, పిల్లలకి పప్పుబెల్లాలు ఇస్తే చాలని అడిగే పాట. లేదనడం కుదరదు, రేపు మాపు అంటే ఒప్పుకునేది లేదు అని గట్టిగానే అడుగుతుంది.

"తాతమ్మా, వరహాలంటే ఏంటి?" అంది మా అమ్మాయి.

"డబ్బులే," అంది అమ్మమ్మ.

"ఎంత?"

అమ్మమ్మ నావైపు చూసింది. కంప్యూటర్ చదువు చదివినవాడికి అన్నీ తెలుస్తాయని ఆవిడ నమ్మకం. తెలీదు. కానీ ఆ రాత్రి అందరూ పడుకున్నాక ఫోన్లో వెతకడం మొదలుపెడితే, ఎంత అన్న ఒక్క ప్రశ్నతో ఆగలేదు.

వరహా విజయనగర రాజుల నాటి బంగారు నాణెం. విష్ణువు వరాహావతారం బొమ్మ మీదుగా ఆ పేరొచ్చింది. ఇంగ్లీషువాళ్ళు దాన్నే పగోడా అన్నారు. కంపెనీవాళ్ళు కూడా మద్రాసు ప్రెసిడెన్సీలో చాలాకాలం ఆ లెక్కే నడిపి, 1818లో రూపాయికి మారారు. అప్పుడు కట్టిన మారకం వరహాకి మూడున్నర రూపాయలు. అంటే ఐదు వరహాలు పదిహేడున్నర రూపాయలు.

ఇక రెండో లెక్క. అప్పటి పంతులుగారికి నెలకి ఎంత వచ్చేది? దీనికి జవాబు దొరుకుతుందని నేననుకోలేదు. దొరికింది. 1822లో మద్రాసు గవర్నర్ థామస్ మన్రో, ఏ జిల్లాలో ఎన్ని బళ్ళున్నాయి, ఎవరు చదువుతున్నారు, ఏం చదువుతున్నారు అని కలెక్టర్లందరినీ లెక్కలు పంపమన్నాడు. ఎక్కువమంది పట్టికలు నింపి పంపేశారు. బళ్ళారి కలెక్టర్ ఎ.డి. క్యాంప్‌బెల్ మాత్రం 1823 ఆగస్టులో ఒక వ్యాసమే రాశాడు. ఆయన ఊరికే కలెక్టర్ కాదు. 1816లో తెలుగు వ్యాకరణం, 1821లో తెలుగు నిఘంటువు అచ్చువేసిన మనిషి. అందుకే బడి అరుగు మీద కూర్చుని చూసినవాడిలా రాశాడు.

పొద్దున అందరికంటే ముందు వచ్చిన పిల్లవాడి అరచేతిలో సరస్వతి అని రాసేవారట. రెండోవాడి చేతిలో సున్నా, అంటే మెప్పూ లేదు, తిట్టూ లేదు. మూడోవాడికి మెల్లగా ఒక దెబ్బ, నాలుగోవాడికి రెండు, అక్కణ్ణుంచి వెనకొచ్చిన ప్రతివాడికీ ఒకటి చొప్పున పెంచడం. (మా టీములో పొద్దున స్టాండప్ మీటింగుకి ఇది పెడితే ఎలా ఉంటుందా అని ఒక్క నిమిషం ఆలోచించాను.) పెద్ద పిల్లలు చిన్నవాళ్ళకి నేర్పే పద్ధతిని మెచ్చుకున్నాడు, ఇంగ్లండులో దీన్ని చూసి నేర్చుకున్నారంటే తగినదేనన్నాడు. అదే చేత్తో, పిల్లలు బట్టీపట్టే పద్యాల అర్థం వాళ్ళకి చిలకకి తెలిసినంత కూడా తెలీదన్నాడు. ఆ మాట రెండు వందలేళ్ళ తర్వాత కూడా తగలాల్సిన చోటే తగులుతోంది.

పంతుళ్ళ సంగతి మన్రో రాశాడు. మామూలుగా వాళ్ళ సంపాదన నెలకి ఆరేడు రూపాయలు దాటదు. అర్హత ఉన్నవాడు ఈ పనిలోకి రావడానికి అది చాలదు.

ఇప్పుడు రెండు లెక్కలూ పక్కపక్కన పెట్టండి. పాట అడిగే ఐదు వరహాలు పంతులుగారి రెండున్నర నెలల రాబడి. అంత ఏ ఇంటివాళ్ళూ ఇచ్చి ఉండరు. ఆ పాట కట్టినవాళ్ళకీ ఆ సంగతి తెలుసు. పెద్ద అంకె చెప్పి, నవ్విస్తూ, దొరికినంత తీసుకోవడం బేరం లక్షణం. పైగా అడిగేది పంతులుగారు కాదు. అడిగే నోరు పిల్లలది. ఆయన ఒక పక్కన నిలబడి ఉంటాడు. ఈ ఏర్పాటు ఎవరు కనిపెట్టారోగానీ, మనిషిని అడుక్కునే పని నుంచి ఒక్క అడుగు దూరంలో నిలబెట్టడానికి ఇంతకంటే మంచి ఉపాయం నాకు తోచలేదు.

దసరాకే ఎందుకు? సరస్వతీ పూజ, ఆయుధ పూజ, పుస్తకాలకి బొట్టు పెట్టడం, ఇదంతా మనకి తెలిసిన జవాబే. ఇంకో జవాబు హంపీలో ఉంది. 1535 ప్రాంతంలో విజయనగరంలో ఉన్న పోర్చుగీసు గుర్రాల వర్తకుడు నూనిజ్, తొమ్మిది రోజుల పండగ గురించి రాస్తూ, రాజుకి రాజ్యమంతటి నుంచీ రావాల్సిన పైకం ఆ రోజుల్లోనే చెల్లిస్తారని చెప్పాడు. మహానవమి దిబ్బ ఎక్కి సెల్ఫీ దిగే మనకి అక్కడ ఏనుగులూ నాట్యకత్తెలే గుర్తొస్తారుగానీ, అది లెక్కలు తేల్చుకునే రోజు కూడా. వానలు తగ్గుతాయి, దారులు తెరుచుకుంటాయి, బాకీలు కదులుతాయి. రాజు కూర్చుంటే నాయంకరులు తెచ్చి ఇచ్చేవారు. పంతులు ఇంటింటికీ నడిచి తెచ్చుకునేవాడు. ఒకదాన్నించి ఇంకొకటి పుట్టిందని నేను చెప్పడం లేదు, పండగ మాత్రం ఒకటే. దానికి తోడు మామూలు అన్న మాట అరబీ నుంచి ఫారసీ మీదుగా మనకొచ్చింది. ఆచారం ప్రకారం ఇవ్వాల్సింది అని అర్థం. దయ కాదు, లంచం కాదు. ఇప్పుడేమో మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో, వాచ్‌మన్‌కి దసరా మామూలు ఇవ్వాలా వద్దా అని ప్రతి ఏడూ ఒక సర్వే పెడతారు.

మన్రో సర్వే కాగితాల్ని ధరంపాల్ 1983లో ‘ది బ్యూటిఫుల్ ట్రీ’ పుస్తకంలో అచ్చువేశాడు. అప్పట్నుంచీ, ఇంగ్లీషువాళ్ళు రాకముందు మన దేశంలో అందరూ చదువుకున్నారు అని ఫార్వర్డ్ చేసేవాళ్ళకి అదొక ఆధారం. చదివినవాళ్ళు తక్కువ, పంపినవాళ్ళు ఎక్కువ. మన్రో తేల్చిన మొత్తం 12,498 బళ్ళు, 1,88,650 మంది పిల్లలు. తక్కువేం కాదు, నిజమే. తమిళ జిల్లాల్లో శూద్ర కులాల పిల్లలే ఎక్కువ, అదీ నిజమే. కానీ మన తెలుగు జిల్లాలకి వచ్చేసరికి బ్రాహ్మణ, వైశ్య పిల్లల వాటా బాగా పెరిగిపోతుంది. క్యాంప్‌బెల్ జిల్లాలో 533 బళ్ళు, 6,641 మంది పిల్లలు. అందులో ఆడపిల్లలు 60.

అరవై! జిల్లా మొత్తానికి. ఆ అంకె దగ్గర ఫోన్ పక్కన పెట్టి పడుకున్నాను.

ఇంత వెతకడానికి ఇంకో కారణం ఉంది. అమ్మమ్మ వాళ్ళ నాన్న బడిపంతులు. 1854 ఊడ్స్ డిస్పాచ్ తర్వాత వీధిబళ్ళు కొన్ని గ్రాంటు బళ్ళుగా మారాయి. ఆయనది అలాంటిదే, ఒక ఎయిడెడ్ బడి. ఊరంతా ఆయనకి దణ్ణాలు పెట్టేది, దసరాకి బ్రహ్మరథం పట్టేది అని మా ఇంట్లో చెప్పుకుంటాం. పెద్ద మావయ్య ఈ కథ బాగా చెప్తాడు. రంగు కాగితాలు అతికించిన విల్లంబులు, బాణం చివర్న బుక్కా, ఇంటివాళ్ళ మీద చల్లితే వాళ్ళు నవ్వుతూ పళ్ళెం తేవడం.

పొద్దున కాఫీ తాగుతూ నా లెక్క అమ్మమ్మకి చెప్పాను. రెండున్నర నెలల జీతం అన్నాను. ఆవిడ నవ్వలేదు.

"గ్రాంటు ఎప్పుడొస్తే అప్పుడేరా జీతం. దసరా మామూలు కోసం మా అమ్మ శ్రావణమాసం నించే కాచుకుని ఉండేది. షావుకారు బాకీ దాంతోనే తీరాలి. మాకు కొత్తబట్టలు పండక్కి వచ్చేవి కావు. పండగ అయ్యాక వచ్చేవి."

"తాతగారు పాట పాడించేవారా?"

"పిల్లలే పాడేవాళ్ళు. మా నాన్న తల ఎత్తేవాడు కాదు. ఒకళ్ళింట్లో లోపల భోజనాలవుతున్నాయని గంటసేపు ఎండలో నిలబెట్టారు. ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుని పడుకున్నాడు. అన్నం తినలేదు."

పెద్ద మావయ్య పేపర్లోంచి తలెత్తి, "నాకెప్పుడూ చెప్పలేదే," అన్నాడు.

"నువ్వు అడగలేదు."

మరి ఈ పాట అంతా నీకెలా వచ్చు, నువ్వూ తిరిగేదానివా అని అడిగాను. ఆవిడ ఐదో తరగతి దాకా ఆ బళ్ళోనే చదివింది. కానీ వాళ్ళ ఊళ్ళో దసరాకి ఆడపిల్లల్ని తీసుకెళ్ళేవాళ్ళు కాదట. మాలపల్లె నుంచి వచ్చే పిల్లలు ఇద్దరు ముగ్గురు ఉండేవాళ్ళట, వాళ్ళనీ పిలిచేవాళ్ళు కాదు. పండక్కి పది రోజుల ముందు నుంచీ మగపిల్లలకి పాట వల్లె వేయించేవారు, అది విని వచ్చేసింది. బయటికి పాడే అవసరమే లేని పాట డెబ్భై ఐదేళ్ళుగా ఆవిడ దగ్గర ఉండిపోయింది.

ఈలోపు మా అమ్మాయి విల్లు తీసుకుని పక్కింటికి బయల్దేరింది. అమ్మ ఆపబోయింది. "పోనీ, పాడనీ," అంది అమ్మమ్మ. మా ఆవిడ వెనకాలే వెళ్ళింది. కాసేపటికి ఇద్దరూ పావుకిలో డెయిరీ మిల్క్ చాక్లెట్లతో తిరిగొచ్చారు. పప్పుబెల్లాలు అడిగితే పక్కింటి వాళ్ళకి అర్థం కాలేదట. అమ్మమ్మ లోపలికి వెళ్ళి పుట్నాలపప్పు, బెల్లం ముక్క తెచ్చి దాని చేతిలో పెట్టింది.

"ఎవరైనా నిజంగా ఐదు వరహాలంత ఇచ్చారా అమ్మమ్మా, ఒక్కసారైనా?"

కాసేపు ఆలోచించింది. "కరణంగారు ఒక ఏడు పంచెల చాపు పెట్టారు. జరీ అంచుది. మా నాన్న అది కట్టుకుంటే చూడాలని మా అమ్మకి ఉండేది. కట్టుకోలేదు. చింపి మాకు ఇద్దరికీ పరికిణీలు కుట్టించింది. నాది కాస్త పొట్టి అయింది."