బందరు రేవులో పేరులేనివాళ్ళు

కంకిపాడు నుండి ఉయ్యూరు, పామర్రు, నిడుమోలు దాటితే బందరు. ఉపాధ్యాయుల శిక్షణ తరగతులకని ఆమధ్య మూడురోజులు అక్కడ ఉండవలసి వచ్చింది. మొదటిరోజు టీ తాగుతూ చరిత్ర చెప్పే మిత్రుడొకాయన, "బందరు గురించి పిల్లలకు ఒక్క సంవత్సరం చెబితే చాలు మాస్టారూ. 1611. మార్కు ఖాయం" అన్నాడు. ఇంగ్లీషు కంపెనీ ఓడ 'గ్లోబు' ఈ రేవుకు వచ్చిన సంవత్సరం అది. ఆయన చెప్పిన దాంట్లో తప్పు లేదు. కాని ఆ ఓడ ఏం కొనడానికి వచ్చింది? ఆ సరుకు ఎవరి చేతుల్లో తయారైంది? ఈ ప్రశ్నలకు మార్కులు లేవు. మూడు సాయంత్రాలూ ఊరు తిరిగి నేను వెతికింది వీటి జవాబులనే.

బందరు కథ 1611తో మొదలు కాలేదు. క్రీ.శ. మొదటి శతాబ్దంలో ఈజిప్టు నుండి వర్తకం సాగించిన గ్రీకువాడొకడు రాసిన 'పెరిప్లస్'లో 'మసాలియా' అనే తీరం ఉంది. అక్కడ సన్నని నూలుబట్టలు విస్తారంగా తయారవుతాయని అతడు రాశాడు. రెండవ శతాబ్దంలో టాలెమీ, మధ్యధరా సముద్రపుటొడ్డున అలెగ్జాండ్రియా నగరంలో కూర్చుని, ఈ తీరాన్ని 'మైసోలియా' అన్నాడు. ఆయన పేర్కొన్న 'కొంటకోస్సిల' అనే వర్తకస్థలం మన ఘంటసాలేనని పండితుల అభిప్రాయం. టాలెమీ కృష్ణ ముఖం చూసినవాడు కాదు; ప్రయాణికులూ, ఓడవర్తకులూ మోసుకొచ్చిన సమాచారాన్ని లెక్కకట్టి రాసుకున్నాడు. అంత దూరాన ఉన్న పండితుడికి మన రేవు పేరు చేరడానికి కారణం ఇక్కడి మగ్గం.

ఈ సంగతి చెప్పుకుని మనం గర్వపడుతూ ఉంటాం. భారతదేశపు సరుకులకు ఏటా అయిదుకోట్ల సెస్టర్సుల రోము ధనం తరలిపోతున్నదని ప్లినీ వాపోయాడని సభల్లో చెప్పి చప్పట్లు కొట్టించుకుంటాం. నేనూ కొట్టించుకున్నవాణ్ణే. కాని ఆ ధనంలో నేతగాడి గుడిసెకు చేరింది ఎంత అని ఒక్కనాడూ అడగలేదు. ఘంటసాల బౌద్ధశాసనాల్లో 'మహానావికుడు' కనిపిస్తాడు. తెడ్డు వేసినవాడు కనిపించడు. దానం ఇవ్వగలిగినవాడే రాతిమీద నిలిచాడు. వర్తకుడి వైభవాన్ని జాతి వైభవంగా చెప్పుకోవడం మనకు అలవాటైపోయింది.

పదిహేడవ శతాబ్దానికి వస్తే సంగతి ఇంకా స్పష్టపడుతుంది. డచ్చివాళ్ళు 1605లో, ఇంగ్లీషువాళ్ళు 1611లో, ఫ్రెంచివాళ్ళు 1669లో గోల్కొండ సుల్తానుల ఈ రేవుకు చేరారు. వాళ్ళకు కావలసినవి తూర్పుదీవుల మిరియాలు, లవంగాలు, జాజికాయ. ఆ దీవులవాళ్ళు కోరినది మన తీరపు అద్దకం బట్ట. మన బట్ట లేనిదే వాళ్ళకు ఆ సుగంధద్రవ్యాల బేరం కుదరదు. 1618-22 మధ్య ఇక్కడ కంపెనీ కొలువు చేసిన మెథ్‌వోల్డ్ గోల్కొండ రాజ్యం మీద రాస్తూ, నిజాంపట్నం ప్రాంతపు చిరివేరును ప్రత్యేకంగా మెచ్చుకున్నాడు. బందరు ఎరుపుకు ప్రాణం ఆ వేరే. ఇసుకనేలలో దాన్ని తవ్వి తీసినవాళ్ళ పేర్లు మాత్రం ఏ గ్రంథంలోనూ లేవు.

కంపెనీలు నేతగాడికి ముందుగా సొమ్ము ఇచ్చేవి. దానికి దాదని అని పేరు. నూలు కొనడానికీ పూట గడవడానికీ ఆ సొమ్ము తప్పదు. తీసుకున్నాక బట్ట మరొకడికి అమ్మే వీలు లేదు. ధర చెప్పేది కొనేవాడే. మగ్గం నేతగాడిదే అయినా నేసిన గుడ్డ మీద హక్కు బాకీపత్రానిది. ఆ తరువాత లాంకషైరు మిల్లుబట్ట వచ్చిపడి, ఆ బాకీపాటి బతుకును కూడా లేకుండా చేసింది.

రెండో సాయంత్రం డచ్చివారి సమాధులు చూశాను. రాళ్ళమీద పేర్లు, వంశచిహ్నాలు చక్కగా చెక్కి ఉన్నాయి. పురావస్తుశాఖ రక్షణలో ఉన్నాయి. దేశంకాని దేశంలో జ్వరాలకు రాలిపోయిన ఆ మనుషుల మీద నాకు ద్వేషం లేదు. కంపెనీ గుమాస్తా కూడా జీతానికి అమ్ముడుపోయినవాడే. కాని అదే ఊళ్ళో 1864 నవంబరు 1 రాత్రి సముద్రం మీదపడి సుమారు 30,000 మందిని పొట్టన పెట్టుకుంది. ఆ రాత్రి పోయినవాళ్ళను మనం గుర్తుంచుకున్నది ఒక అంకెగానే. చావులో సైతం ఒకడికి పేరు, మరొకడికి లెక్క. రక్షించవలసింది రాళ్ళను మాత్రమేనా?

మూడోరోజు పెడన వెళ్ళాను. బట్టను కరక్కాయరసంలో, పాలలో ముంచి ఆరబెట్టడం, చెక్కఅచ్చుతో పటిక అద్దడం, పారేనీటిలో ఉతకడం, రంగులో ఉడకబెట్టడం ఈనాటికీ జరుగుతున్నాయి. చిరివేరు స్థానంలో చాలావరకు అలిజరిన్ వచ్చింది. అచ్చు వేస్తున్న ఒక పెద్దాయన చేతులు ముంజేతివరకు ఎర్రబడి ఉన్నాయి. "ఎన్నాళ్ళనుంచి ఈ పని?" అన్నాను. "మా తాత చేశాడు, నాన్న చేశాడు. నా కొడుకు మాత్రం చెయ్యనంటున్నాడు బాబూ" అన్నాడు. అందులో ఫిర్యాదు లేదు, గర్వం లేదు. ఆ మాటకు జవాబు నా దగ్గర లేకపోయింది.

తెలుగు ఎం.ఏ. చదివినవాణ్ణి. కావ్యాల్లో చీనాంబరాల వర్ణనలు చాలా చదివాను. ఆ అంబరాన్ని నేసినవాడి పదజాలం మాత్రం మా పాఠ్యప్రణాళికలో లేదు. 'బందరు' అనే పేరే రేవు అని అర్థమిచ్చే పారశీకపదం. నరసాపురం దగ్గరి మాధవాయపాలెం 'మాడపొల్లం' అనే బట్టపేరుగా ఇంగ్లీషు నిఘంటువుకెక్కింది. ఊరిపేరు సముద్రం దాటింది, నేసినవాడి పేరు వీధి దాటలేదు. కృతిభర్తల వంశావళులు వల్లెవేసే మన సాహిత్యచరిత్ర ఈ లోటును తన లోటుగా ఎంచుకోవాలి. అద్దకంవారి మాటల్ని, మగ్గం గుంటలో పుట్టిన మాటల్ని వాళ్ళు బతికుండగా సేకరించడం అభ్యుదయ విమర్శకుడి పని కాదా?

2023 మే నెలలో బందరులో కొత్త రేవుకు శంకుస్థాపన జరిగింది. రేవు రావాలి; జిల్లా పిల్లలకు పని దొరకాలి. శిలాఫలకం మీద ఎవరి పేర్లుంటాయో అందరికీ తెలుసు. రాళ్ళు మోసిన కూలీల పేర్లు, భూమి వదులుకున్న రైతుల పేర్లు, వల వేసే చోటు మారిన జాలరుల పేర్లు ఇప్పుడైనా ఎవరో ఒకరు రాసిపెట్టాలి.

కంకిపాడు తిరిగివచ్చి మా తరగతిలో ఒక పని చెప్పాను: మీ తాత ఏ పని చేశాడు, ఆ పనిలో వాడే మాటలేమిటి, రాసుకురండి. నలభైమందిలో పదకొండుమంది రాసుకొచ్చారు. వాటికి మార్కులు వేయలేదు, దాచిపెట్టాను.