వెల్యో టోర్మిస్: మరుగున పడిన జాతుల పాటలు

పోస్టు కొంచెం పెద్దదే, ఓపిగ్గా చదవండి.

మా హాస్టల్లో జాతాపులం, సవరలం, గదబలం కలిసే ఉంటాం. ఫంక్షన్ వస్తే ఒకడు మైకు పట్టుకుంటాడు, మిగతా అందరం ఫోన్లు పైకెత్తి వీడియో తీస్తాం. మన ఊళ్ళల్లో అలా కాదు కదా. ఒకావిడ పాట ఎత్తుకుంటే మిగిలినవాళ్ళు అందుకుంటారు, వినేవాళ్ళంటూ విడిగా ఎవరూ ఉండరు. ఈ తేడా గురించి రాత్రిళ్ళు మాట్లాడుకుంటూ వెతుకుతుంటే ఎస్టోనియా సంగీతకారుడు వెల్యో టోర్మిస్ దొరికారు.

ఎస్టోనియా బాల్టిక్ సముద్రం ఒడ్డున ఉన్న చిన్న దేశం. జనం 13 లక్షలకి కాస్త అటూ ఇటూ, అంటే మన శ్రీకాకుళం జిల్లా కంటే తక్కువే. కలిసి పాడటం మాత్రం అక్కడ పెద్ద విషయం. 1869లోనే టార్టు పట్టణంలో ఊరూరి బృందాలు చేరి మొదటి పాటల పండగ చేసుకున్నాయి. టోర్మిస్ 1930లో పుట్టారు. వాళ్ళ నాన్న చర్చిలో ఆర్గాన్ వాయిస్తూ ఊరి బృందానికి పాటలు నేర్పేవారు. (ఆర్గాన్ అంటే ఏంటో మేమూ యూట్యూబ్‌లో చూసే తెలుసుకున్నాం.) అలా బృందగానం మధ్యే పెరిగి, మాస్కోలో సంగీతం చదివి 1956లో ముగించారు.

అయితే ఆయన్ని మార్చింది ఆ చదువు ఒక్కటే కాదు. 1950ల చివర్లో కిహ్ను అనే దీవిలో పల్లెటూరి పెళ్ళి పాటలు విన్నారు. వాటిని రెగిలౌల్ అంటారు. ఒకరు ఒక పాదం పాడతారు, అది పూర్తయ్యేలోపే చివరి అక్షరాల దగ్గర మిగతావాళ్ళు అందుకుని మళ్ళీ పాడతారు. మధ్యలో ఖాళీ ఉండదు, పాట తెగదు. ఇది చదవగానే మాకు మన వరినాట్లే గుర్తొచ్చాయి.

ఆ పాటలకి టోర్మిస్ నగిషీలు చెక్కలేదు. రాగాన్ని అలాగే ఉంచి, కింద మిగతా గొంతులు నిలబడేలా రాశారు. తర్వాత తమ భాషకి చుట్టాలైన చిన్న జాతుల వైపు వెళ్ళారు. లివోనియన్లు, వోట్లు, ఇజోరియన్లు, ఇంగ్రియన్లు, వెప్స్‌లు, కరేలియన్లు. 1970 నుంచి 1989 దాకా వీళ్ళ పాటలతో ఆరు మాలలు కట్టారు. వాటన్నిటికీ కలిపి పెట్టిన పేరే 'మరుగున పడిన జాతులు'. పాటలు వాళ్ళ భాషల్లోనే ఉంటాయి. పాడే బృందం ఆ మాటలు నోరు తిప్పుకుని నేర్చుకోవాల్సిందే.

లివోనియన్లది లాట్వియా తీరం, చేపల వేటే బతుకు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత సోవియట్ ప్రభుత్వం అది సరిహద్దు ప్రాంతమని సముద్రం మీద ఆంక్షలు పెట్టింది. వేట లేక ఊళ్ళు ఖాళీ అయ్యాయి, ఊళ్ళతో పాటు మాటా పోయింది. మనకి అడవి, పోడు ఎలాంటివో వాళ్ళకి సముద్రం అలాంటిది.

ఇక్కడ మాలో గొడవొచ్చింది. మాట్లాడేవాళ్ళే పోయాక పట్నం హాల్లో పాట మిగిలితే ఏం లాభం అని ఒకడు అడిగాడు. వాడన్నది తప్పు కాదు. పుట్టుకతో లివోనియన్ మాట్లాడిన చివరి మనిషి 2013లో కెనడాలో చనిపోయారు, టోర్మిస్ పాటలు దాన్ని ఆపలేకపోయాయి. కానీ 1970లలో లివోనియన్లు తమ సొంత పాటల బృందాలు పెట్టుకున్నారు, వాళ్ళ మనవలు కొందరు ఇప్పుడు ఆ భాష నేర్చుకుంటున్నారు. నేర్చుకునేవాళ్ళకి పాట అయినా ఉంది. లేకపోతే ఎక్కడ మొదలుపెడతారు?

జాతాపులం మేం అడుగుతున్నాం ఈ మాట. మా పాతవాళ్ళది కువి భాష, మాకు ఇంట్లో తెలుగే. మాలో ఒకరి అమ్మమ్మకి ఒక కువి పాట కొన్ని చరణాలు వచ్చు, అర్థం ఆవిడకే సగం తెలీదు. పోయిన సెలవుల్లో ఫోన్‌లో రికార్డు చేస్తామంటే పాడలేదు. "ఒక్కదాన్నే ఎలా పాడతానురా, అందుకునేవాళ్ళు ఉండొద్దా" అంది. అందుకే ఈ దసరాకి నలుగురం కలిసి వెళ్తున్నాం.