నో డిప్రెషన్ (సంగీత ఆల్బమ్)

'నో డిప్రెషన్' అమెరికా సంయుక్త రాష్ట్రాలకు చెందిన అంకుల్ ట్యుపెలో అనే రాక్ బృందం వెలువరించిన మొదటి ఆల్బమ్. ఇది 1990 జూన్ 21న రాక్‌విల్ రికార్డ్స్ సంస్థ ద్వారా విడుదలైనది. ఇందులో 13 పాటలు కలవు. పంక్ రాక్ వేగాన్నీ, అమెరికా పల్లెల్లో పుట్టిన కంట్రీ సంగీతపు బాణీలనూ కలిపిన ఈ ఆల్బమ్, తరువాతి కాలంలో 'ఆల్టర్నేటివ్ కంట్రీ' అని పేరుపొందిన శాఖకు మూలాధారాలలో ఒకటిగా పరిగణింపబడుతున్నది.

నేపథ్యం

జే ఫరార్ (గిటారు, గానం), జెఫ్ ట్వీడీ (బేస్ గిటారు, గానం), మైక్ హైడార్న్ (డ్రమ్స్) ఈ బృంద సభ్యులు. ముగ్గురూ ఇల్లినాయ్ రాష్ట్రంలోని బెల్‌విల్ పట్టణంలో పెరిగినవారు. ఈ పట్టణం మిసిసిపీ నదికి తూర్పున, సెయింట్ లూయిస్ నగరానికి సమీపంలో ఉన్నది. ఒకప్పుడు ఇది బొగ్గు గనులకూ, ఇనుప పొయ్యిల కర్మాగారాలకూ ప్రసిద్ధి చెందినది. ట్వీడీ తండ్రి రైల్వే ఉద్యోగి. 1990 జనవరిలో బోస్టన్‌లోని ఫోర్ట్ అపాచీ స్టూడియోలో, షాన్ స్లేడ్, పాల్ కోల్డెరీల నిర్మాణంలో, పది రోజులలో సుమారు 3,500 డాలర్ల ఖర్చుతో పాటలన్నీ రికార్డు చేయబడినవి. అప్పటికి ఫరార్ వయస్సు 23, ట్వీడీ వయస్సు 22 సంవత్సరాలు.

పేరులోని అర్థం

కార్టర్ ఫ్యామిలీ అనే ప్రసిద్ధ కంట్రీ బృందం 1936లో రికార్డు చేసిన ఒక భక్తిగీతం నుండి ఈ పేరు గ్రహింపబడినది. ఆంగ్లంలో 'డిప్రెషన్' అనే ఒకే మాట ఆర్థిక మాంద్యాన్నీ, మానసిక కుంగుబాటునూ కూడా సూచిస్తుంది. 1929లో మొదలైన మహా మాంద్యం నాటి ఆ గీతంలో మొదటి అర్థమే ప్రధానం: లోకంలో కరవు ఉన్నను స్వర్గంలో అది ఉండదని దాని సారాంశం. 1990లో ఆ పాటను తిరిగి పాడినప్పుడు రెండవ అర్థం కూడా తోడైనది. తెలుగులో ఈ రెండింటికీ వేర్వేరు పదాలున్నందున ఈ శ్లేషను అనువదించుట కష్టం.

పాటలు

'గ్రేవ్‌యార్డ్ షిఫ్ట్' మొదటి పాట. అక్షరార్థం శ్మశానపు వంతు అయినప్పటికీ, వాడుకలో ఈ మాటకు కర్మాగారాలలో అర్ధరాత్రి పని అని అర్థం. 'ట్రెయిన్' పాటలో 21 ఏళ్ల యువకుడు, యుద్ధం వస్తే ముందుగా పోయేది తనవంటివాడేనని భయపడతాడు. 'స్క్రీన్ డోర్' చిన్న ఊరి వాకిట్లో సాగే జీవితాన్ని సరళంగా చిత్రిస్తుంది. చివరిదైన 'జాన్ హార్డీ', 1894లో వెస్ట్ వర్జీనియాలో ఉరితీయబడిన ఒక రైల్వే కార్మికుని గురించిన జానపద గాథ.

పాటల వరుస గమనింపదగినది. నాల్గవ పాట స్వర్గంలో ఉపశమనం ఉన్నదంటుంది. వెంటనే వచ్చే 'ఫ్యాక్టరీ బెల్ట్' శ్రోతను మళ్లీ కర్మాగారానికి చేరుస్తుంది. ఆరవదైన 'విస్కీ బాటిల్' పాటలోని వ్యక్తి, ప్రస్తుతానికి క్రీస్తుకంటె మద్యమే తనకు దిక్కు అంటాడు. పాత గీతం చూపిన ఓదార్పు కొత్త తరానికి అందలేదన్న సంగతి ఈ మూడు పాటలలో వ్యక్తమవుతుంది.

సంగీతం

కంట్రీ సంగీతమును ఆశించి వినేవారికి ఈ ఆల్బమ్ కొంత ఆశ్చర్యం కలిగించవచ్చును. సగానికి పైగా పాటలు బిగ్గరగా మ్రోగే గిటార్లతో, హఠాత్తుగా ఆగి మళ్లీ ఉరికే లయతో సాగుతాయి. కాలిఫోర్నియాకు చెందిన మినిట్‌మెన్ అనే పంక్ బృందం ప్రభావం ఇందులో స్పష్టం. 'విస్కీ బాటిల్'లో పెడల్ స్టీల్ గిటారు, మరికొన్ని పాటలలో అకౌస్టిక్ గిటారు కంట్రీ ఛాయను తెస్తాయి. కంట్రీ ప్రభావం బాణీలలో కంటె కథావస్తువులో ఎక్కువగా ఉన్నదని చెప్పవచ్చును. పని, మద్యం, దైవం, ఊరు విడిచి పోలేని స్థితి కంట్రీ పాటలకు చిరకాల వస్తువులే.

ప్రభావం

రాక్, కంట్రీ సంగీతాల కలయికకు ఈ బృందమే ఆద్యులు కారు. ఫ్లయింగ్ బరీటో బ్రదర్స్ 1969లోనే అటువంటి ప్రయత్నం చేశారు. అయినను 1990 దశకంలోని యువ బృందాలకు ఈ ఆల్బమ్ మార్గదర్శకమైనది. గ్రాంట్ ఆల్డెన్, పీటర్ బ్లాక్‌స్టాక్ 1995లో సియాటిల్ నుండి ప్రారంభించిన పత్రికకు 'నో డిప్రెషన్' అనే పేరే పెట్టారు.

అంకుల్ ట్యుపెలో మరి మూడు ఆల్బమ్‌లు వెలువరించి 1994లో విడిపోయినది. తరువాత ఫరార్ సన్ వోల్ట్ బృందాన్నీ, ట్వీడీ విల్కో బృందాన్నీ స్థాపించారు.

పునర్విడుదలలు

ఈ ఆల్బమ్ అదనపు పాటలతో 2003లో మళ్లీ విడుదలైనది. 2014లో వెలువడిన రెండు డిస్కుల ముద్రణలో, 1989 నాటి 'నాట్ ఫరెవర్, జస్ట్ ఫర్ నౌ' అనే నమూనా టేపు కూడా చేర్చబడినది. ఆ టేపు పేరు 'విస్కీ బాటిల్' పల్లవి లోనిదే. నమూనా పాటలను, ఆల్బమ్ పాటలను వరుసగా వినినచో బోస్టన్ రికార్డింగులో గిటార్ల ధ్వని ఎంతగా బలపడినదో తెలియగలదు.