విఫలమైన కింది దవడ ఇంప్లాంట్ పునఃస్థాపన: చారిత్రక పరిశీలన

కర్నూలు, కడప మెట్ట ప్రాంతాల ఆహారంలో జొన్నరొట్టెకు, వేరుశనగకు ముఖ్యస్థానం ఉంది. పళ్లన్నీ ఊడిన వృద్ధులకు వీటిని నమలడం కష్టం. పై కట్టుడు పళ్లకు అంగిలి ఆధారమవుతుంది. కింది వాటికి అటువంటి ఆధారం లేక, నాలుక కదిలినప్పుడల్లా జారుతాయి. ఆధునిక ఇంప్లాంట్ చికిత్స కింది దవడతోనే మొదలుకావడం గమనార్హం.

1952లో స్వీడన్ పరిశోధకుడు బ్రోనెమార్క్ కుందేలు ఎముకలో అమర్చిన టైటానియం పరికరం ఎముకతో గట్టిగా అతుక్కుపోవడాన్ని గుర్తించాడు. 1965లో గోథెన్‌బర్గ్‌లో తొలి రోగి కింది దవడలో టైటానియం మరలు బిగించాడు. 1986లో ఆల్‌బ్రెక్ట్‌సన్ బృందం సాఫల్యానికి ప్రమాణాలు ప్రతిపాదించింది: ఇంప్లాంట్ కదలరాదు, మొదటి సంవత్సరం తరువాత ఎముక తరుగు ఏటా 0.2 మిల్లీమీటర్లకు లోపే ఉండాలి. దీంతో వైఫల్యం కొలతకు అందే విషయమైంది.

కదిలిన ఇంప్లాంట్‌ను తీసి, వాపు కణజాలాన్ని శుభ్రపరచి, ఎముక మానేవరకు వేచి, అవసరమైతే ఎముక పూరకం చేర్చి మరొకటి అమర్చుతారు. దవడలోని నరానికి హాని కలగకుండా లోతు నిర్ణయించాలి. రెండవసారి సాఫల్యం మొదటిదానికంటే కొంత తక్కువ.

కడపలో ప్రభుత్వ దంత వైద్య కళాశాల, కర్నూలులో జి. పుల్లారెడ్డి దంత వైద్య కళాశాల ఏర్పడడంతో దంత వైద్య విద్య ఈ ప్రాంతానికి చేరువైంది. అయితే చుట్ట అలవాటు, అదుపు తప్పిన మధుమేహం, చిగుళ్ల వ్యాధి కొనసాగితే కొత్త ఇంప్లాంట్‌కూ ముప్పు తప్పదు. వైఫల్య కారణాన్ని తొలగించకుండా మరో మర బిగించడం రోగికి అదే నష్టాన్ని, అదే ఖర్చును మళ్లీ కలిగించడమే.