గనినీటిలోని లోహము

భూదేవిని జలమధ్యమునుండి పైకెత్తిన ఆదివరాహమూర్తి వెలసిన కమాన్‌పూరు చుట్టుపట్ల, బొగ్గు నెత్తదలచిన మానవుడు మొట్టమొదట భూగర్భమునుండి నీటి నెత్తవలసి వచ్చెను. గోదావరీలోయలోని బొగ్గుపొరలు ఇసుకరాతిపొరల నడుమ నుండుటచేతను, ఆ ఇసుకరాయి తన సూక్ష్మరంధ్రములందు నీటిని విశేషముగా దాచుకొనునది యగుటచేతను, ఈ సీమలో ఏ గనిబాయి త్రవ్వినను ఊటలు బయల్పడక మానవు. ఆ నీరు పల్లమునకు దిగి సంపులో చేరును. దానిని పంపు ఖలాసీలు రేయింబవళ్లు పైకి తోడుచుండనిదే పనిస్థలము మునిగిపోవును. బొగ్గును గూర్చి చెప్పుకొన్నంతగా మనవారు ఈ నీటిని గూర్చి చెప్పుకొనలేదు.

విలియం కింగ్ 1871లో ఇల్లెందు ప్రాంతమున బొగ్గును గుర్తించుట, 1886లో హైదరాబాదు దక్కన్ కంపెనీ వెలయుట, 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడుట, 1945లో అది నిజాము ప్రభుత్వమునకు వశమగుట అందరెరిగిన సంగతులే. 1960 ప్రాంతమున బాయిలు రామగుండము సీమకు ప్రాకినవి. గోదావరిఖని గనుల పేరనే పట్టణమై పెరిగినది. 1980లో ఉత్పత్తి నారంభించి 1999లో మూతపడిన ఎరువుల కర్మాగారమును, 1980 దశకముననే మొదలై తుదకు 2600 మెగావాట్ల సామర్థ్యమున కెక్కిన థర్మల్ విద్యుత్కేంద్రమును, బసంత్‌నగరు సిమెంటు కర్మాగారమును ఈ బొగ్గుసీమలోనే వెలసినవి. బొగ్గుతోపాటు బూడిదయు, బూడిదతోపాటు దానిని కడిగిన నీరును ఈ నేలకు క్రొత్తగా వచ్చిపడినవి.

గనినీటిలోనికి లోహమెట్లు వచ్చును? బొగ్గును, దాని నంటియుండు రాళ్లను ఆశ్రయించి, ఇనుమును గంధకమును కూడిన పైరైటు అను ఖనిజముండును. భూమి లోపల గాలి సోకనంతకాలము అది నిశ్చలముగా నుండును. బాయి త్రవ్వి గాలిని, నీటిని దానిపైకి విడిచినంతనే అది కరగి గంధకికామ్లమును పుట్టించును. ఆ ఆమ్లము దారిలోని రాళ్లయందున్న మాంగనీసు, జింకు, నికెలు మొదలగు లోహములను కరగించుకొని పోవును. మేఘాలయలోని జయంతియా కొండలలో గంధకాధిక్యముగల బొగ్గును త్రవ్వగా నదులే ఆమ్లమయములై చేపలు నశించినవి. మన గోదావరీ బొగ్గున గంధకము స్వల్పము; కావున ఇచటి బాయినీటి కంతటి తీవ్రత రాలేదు. ఇది ప్రకృతి చేసిన మేలే గాని మన జాగరూకత ఫలము కాదని నా నిశ్చితాభిప్రాయము.

ఆ నీటిని కార్మికుల కాలనీలకు పంపుటకు ముందు తొట్లలో నిలిపి, ఇసుకగుండ వడగట్టి, క్లోరిను కలుపుట గనులందు చిరకాలముగా నున్న పద్ధతి. ఇందు బొగ్గునలుసు పోవును, సూక్ష్మజీవులు నశించును, గాలి తగిలిన ఇనుము తుప్పుగా మారి ఇసుకపై నిలిచిపోవును. పంపునోటి యొద్ద గోధుమవన్నె పెచ్చు కట్టుట కిదియే హేతువు. కాని నీటిలో పూర్తిగా కరగియున్న సీసమునకును, కాడ్మియమునకును ఇసుక యడ్డము కాదు; అవి తేటనీటిలో తేటగానే దాటిపోవును. కంటికి నిర్మలముగా నున్న నీటిని పరిశుద్ధమని యెంచు తరతరాల నమ్మకము ఈ యొక్కచోట మనలను మోసగించును.

అట్టి లోహములను పట్టుటకు ప్రపంచమంతట విరివిగా వాడబడు సాధనము మన యింటిగోడల నెరిగిన సున్నమే. లోహములు కలిసిన ఆమ్లజలమును గాజుజాడీలో పోసి సున్నపునీటిని కొలది కొలదిగా కలిపి మెల్లగా త్రిప్పినచో, నీరు మొదట మసకబారి, పిదప అందు సన్నని నలుసులు పుట్టి, అవి యొకదానినొకటి యంటుకొని దూదిపింజలవలె బరువెక్కి అడుగునకు దిగును. ఇనుపనలుసు తాను దిగుచు ఆర్సెనికును, సీసమును కొంత తనతో లాగికొనిపోవును. అయితే ఒక్క కొలతతో అన్ని లోహములును పడవు. క్రోమియము పి.హెచ్. 8కి చేరువను, జింకు 9కి పైబడియు, కాడ్మియము 11కి దగ్గరను చక్కగా దిగును. సున్నము మితిమీరినచో పడిన జింకే మరల కరగును. ఎరువుల కర్మాగారములు పెక్కు, చల్లార్చునీటిలో తుప్పును నివారించుటకై ఒకప్పుడు వాడిన క్రోమేటు మరియు కఠినము: ఆ పసుపుపచ్చని క్రోమియమును ముందుగా ఆమ్లములో అన్నభేదితో కలిపి ఆకుపచ్చని రూపమునకు మార్చిన తరువాతగాని సున్నమునకు లొంగదు. కావుననే ఏ నీటి కా నీటిని, అది పుట్టినచోటనే, వేరుగా శుద్ధిచేయవలెను.

ఈ నియమమును పాటింపని ఫలమును మన దేశస్థులు పటాన్‌చెరువునందు చూచిరి. 1970 దశకపు మధ్యభాగమున అచట వెలసిన పారిశ్రామికవాడనుండి నానావిధ రసాయనజలములు నక్కవాగులోనికి విడువబడగా, చెరువులు చెడి, బావులు చెడి, పైరులు చెడినవి. అచటి వైద్యుడు డాక్టరు అల్లాని కిషన్‌రావు మున్నగువారు రైతుల పక్షమున నిలిచిరి. 1990లో వ్యాజ్యము సుప్రీంకోర్టునకు చేరెను. 2001లో హైకోర్టునకును, 2013లో జాతీయ హరిత ట్రిబ్యునలునకును మరలెను. నడుమ జీడిమెట్లలో 1989లోను, పటాన్‌చెరువులో 1994లోను ఉమ్మడి శుద్ధికేంద్రములు ఏర్పడినవి. అవి యవసరములే. కాని సూక్ష్మజీవులచే మాలిన్యమును తినిపించు ఉమ్మడి తొట్టిలోనికి లోహజలమును గూడ మళ్లించినచో, లోహము నశింపదు. ఆ జీవులనైన చంపును, అడుగు బురదలోనైన దాగును. ఆ నక్కవాగు మంజీరలో కలియును. మంజీర కందకుర్తి యొద్ద గోదావరిలో కలియును. గోదావరి గోదావరిఖని మీదుగా మంథనికి పోవును. ఎగువ ఊరి వ్యాజ్యము దిగువ ఊరికి పరాయిది కాదు.

1974లో జలకాలుష్య నివారణ చట్టమును, 1976లో రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలియు వచ్చినవి. 1986 నాటి పర్యావరణ చట్టము క్రింది నియమములలో, ఏరులలోనికి విడుచు నీట లీటరునకు సీసము 0.1 మిల్లీగ్రామునకును, పాదరసము 0.01కిని మించరాదని కట్టడి చేయబడినది. జపానులో కామియోకా గని విడిచిన కాడ్మియము జింజూ నదీజలముతో వరిమళ్లకు పారి, ఎముకలు విరుగు ఇతాయ్-ఇతాయ్ వ్యాధిని తెచ్చినదని అచటి ప్రభుత్వము 1968లో ఒప్పుకొన్న చరిత్ర మన కళ్లయెదుట నున్నది. అచటను గని, నది, వరిచేను అను మూడును ఇచటివలెనే వరుసగా నుండెను.

ఇపుడు బాయిలు తగ్గి, పైనేలను తొలగించి త్రవ్వు ఓపెన్‌కాస్టులు పెరిగినవి. బొగ్గు తీసిన గోతులలో నీరు నిలుచుచున్నది. బూడిదను గనుల పూడ్పునకు వాడవలెనని 1999 నాటి ఉత్తరువునకు 2003లో చేసిన సవరణ విధించెను. పూడ్పునకు కావలసిన ఇసుక కొరకు గోదావరిని తోడుటకంటె ఇది మేలే. అయినను బూడిదలో ఆర్సెనికు, సెలీనియము వంటివి లేశమాత్రముగా నుండును గనుక, పూడ్చిన గోతి నీటిని, నీరు నిలిచిన గోతి అడుగునీటిని, చుట్టుపట్ల పల్లెల బావినీటిని ఋతువున కొకసారి లోహపరీక్షకు పంపి, ఆ అంకెలను కమాన్‌పూరు, రామగిరి మండలముల గ్రామపంచాయతీ గోడలమీద తెలుగులో వ్రాయించవలెను.