పీపా నుంచి కానుక సీసా దాకా

స్నేహితునికి కానుకగా ఇచ్చే మంచి విస్కీ సీసా అనగానే గుర్తొచ్చేది స్కాట్లండ్. అక్కడ విస్కీ కాయడానికి ఐదు వందల ఏళ్లకు మించిన చరిత్ర ఉంది. మూత బిగించి, పేరు, వయసు, పుట్టిన చోటు అచ్చువేసిన సీసా వయసు మాత్రం ఇంచుమించు నూట యాభై ఏళ్లే. లేబుల్ మీద కనిపించే ఒక్కో మాట వెనక ఒక సుంకమో, కల్తీయో, కోర్టు తగాదాయో ఉంది. కానుకకు సీసా ఎంచుకునేవారు నిజానికి చదివేది ఆ చరిత్రనే.

స్కాట్లండ్‌లో ఈ పానీయానికి దొరికే తొలి రాతపూర్వక ఆధారం 1494 నాటి రాజఖజానా లెక్కల్లో ఉంది. నాలుగవ జేమ్స్ రాజు ఆజ్ఞ మేరకు జాన్ కోర్ అనే క్రైస్తవ సన్యాసికి 'ఆక్వా విటే' (సారాకు అప్పటి లాటిన్ పేరు) కాయడం కోసం ఎనిమిది బోల్‌ల (బోల్ అంటే పాతకాలపు ధాన్యపు కొలత) మాల్టు, అంటే మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ, ఇచ్చినట్టు అందులో రాశారు. 1505లో ఎడిన్‌బరో నగరంలో దీన్ని తయారుచేసి అమ్మే హక్కు మంగలి వైద్యుల సంఘానికి దక్కింది. అంటే అప్పటికి దాని స్థానం మందుల సరసన. పదహారో శతాబ్దంలో మఠాలు మూతపడ్డాక ఈ విద్య రైతుల ఇళ్లకు చేరింది. కోతలయ్యాక మిగిలిన బార్లీని చలికాలంలో బట్టీ పెట్టి కాచేవారు. కొన్నిచోట్ల భూస్వామికి కౌలు కూడా ఆ సారా రూపంలోనే చెల్లేది. అది రంగులేని, ఘాటైన పచ్చిసారా. ఎక్కువగా బట్టీ నుంచి దిగిన కొద్ది రోజులకే తాగేసేవారు.

1644లో స్కాట్లండ్ పార్లమెంటు సారా మీద తొలిసారి సుంకం వేసింది. 1707లో ఇంగ్లండ్‌తో ఏకమైన తర్వాత ఆ భారం పెరుగుతూ పోయింది. దాంతో ఉత్తరాన ఉన్న హైలాండ్స్ కొండలోయల్లో దొంగబట్టీలు పెరిగాయి. పన్ను కట్టే బట్టీలు ఖర్చు తట్టుకోలేక నాసిరకం సరుకు దించుతుంటే, చాటుగా చిన్న బట్టీలో నెమ్మదిగా కాచిన సారాయే మంచిదనే పేరు తెచ్చుకుంది. వాటిలో గ్లెన్‌లివెట్ లోయ సరుకుకు మరీ గిరాకీ ఉండేది.

ఆ రోజుల్లో విస్కీ కానుక ఎలా ఉండేదో చెప్పే ఒక సంఘటన నమోదై ఉంది. 1822 ఆగస్టులో నాలుగవ జార్జి రాజు ఎడిన్‌బరో వచ్చినప్పుడు గ్లెన్‌లివెట్ విస్కీయే కావాలన్నాడు. చట్టప్రకారం అది దొంగసరుకు. రాతిమర్కస్ జమీందారీ ఇంటి ఆడపడుచు ఎలిజబెత్ గ్రాంట్, తండ్రి కబురు మీద, పీపాలో చాలాకాలం నిలవున్న తమ ఇంటి విస్కీని, దానితోపాటు వేటాడిన కొండపక్షులను రాజభవనానికి పంపింది. తర్వాత తన తండ్రి సర్ జాన్ పీటర్ గ్రాంట్‌కు భారతదేశంలో న్యాయమూర్తి పదవి దక్కడానికి ఆ కానుక తోడ్పడిందని ఆమె తన జ్ఞాపకాల్లో రాసుకుంది. ఆయన బొంబాయి సుప్రీంకోర్టులో న్యాయమూర్తి అయ్యాడు. ఆ విస్కీకి కంపెనీ పేరు లేదు, లేబులూ లేదు. ఎవరింటి నుంచి వచ్చిందన్నదే దాని నాణ్యతకు హామీ. అది పీపాలో ఊరిందన్న సంగతిని ఎలిజబెత్ ప్రత్యేకంగా రాయడాన్ని బట్టి, నిలవ ఉంచితే రుచి మెత్తబడుతుందని తెలిసినవారు అప్పటికే ఉన్నారని అర్థమవుతుంది.

మరుసటి ఏడాది, 1823లో, వచ్చిన ఎక్సైజ్ చట్టం పరిస్థితిని మార్చింది. నలభై గ్యాలన్లకు తగ్గని బట్టీ ఉన్నవారు ఏడాదికి పది పౌండ్లు కట్టి లైసెన్సు తీసుకోవచ్చు. సుంకం కూడా బాగా తగ్గింది. 1824లో గ్లెన్‌లివెట్‌లో జార్జి స్మిత్ లైసెన్సు తీసుకున్నాడు. దొంగసారా కాచే ఇరుగుపొరుగు వారు బట్టీ తగలబెడతామని బెదిరించడంతో ఆయన పిస్తోళ్లు వెంట పెట్టుకుని తిరగాల్సి వచ్చింది. చట్టబద్ధమైన సరుకుకు పేరు రాగానే ఆ పేరు కోసం పోటీ మొదలైంది. చుట్టుపక్కల బట్టీలెన్నో తమ పేరుకు గ్లెన్‌లివెట్ అని తగిలించుకున్నాయి. 1884లో ఆ తగాదా తీరింది. 'ద గ్లెన్‌లివెట్' అనే పేరు స్మిత్ కుటుంబానికే చెందింది. మిగతావారు తమ సొంత పేరు వెంట జోడించి మాత్రమే ఆ మాట వాడుకోవాలి.

ఈలోగా తయారీ పద్ధతి కూడా మారింది. 1830లో ఈనియస్ కాఫీ పేటెంటు పొందిన నిలువు బట్టీ ఆగకుండా పనిచేస్తూ, గోధుమ, మొక్కజొన్న వంటి ధాన్యాల నుంచి తేలికపాటి చవక సారాను దించేది. ఘాటైన మాల్టు విస్కీని దీనితో కలిపితే అందరికీ నచ్చే రుచి వస్తుందని వర్తకులు గ్రహించారు. 1853లో ఎడిన్‌బరో వర్తకుడు ఆండ్రూ అషర్ వేర్వేరు మాల్టు పీపాల విస్కీలు కలిపి ఒక పేరుతో అమ్మాడు. 1860 చట్టం మాల్టునూ ధాన్యపు సారానూ సుంకం కట్టకముందే గోదాముల్లో కలపడానికి అనుమతి ఇచ్చింది. 'బ్లెండెడ్' విస్కీ వ్యాపారం ఊపందుకున్నది అప్పుడే.

ఆ వ్యాపారాన్ని పెంచింది కిరాణా కొట్ల వాళ్లు. కిల్మార్నక్‌లో జాన్ వాకర్ 1820లో కొట్టు తెరిచాడు. అబర్డీన్‌లో షివాస్ సోదరులదీ కిరాణా వ్యాపారమే. టీ రకాలను కలిపి రుచి కుదర్చడం అలవాటైన చేతులకు విస్కీలు కలపడం కొత్త కాలేదు. మొదట్లో పీపా నుంచి జాడీల్లోకి కొలిచి పోసేవారు. ఆ దారిలో నీళ్లో మరొకటో కలిపే వీలు ఎక్కువ. గాజుపై పన్నును 1845లో ఎత్తివేయడంతో సీసాలు చవకయ్యాయి. తయారుచేసినవారే సీసాకెత్తి, మూత వేసి, పేరు అతికిస్తే కల్తీకి దారి మూసుకుపోతుంది. వాకర్ కుటుంబం వాడిన పలకల సీసా, ఏటవాలు లేబుల్ దూరం నుంచే గుర్తుపట్టేలా చేశాయి. అదే కాలంలో ఫ్రాన్స్ ద్రాక్షతోటలను ఫిలాక్సెరా పురుగు నాశనం చేయడంతో బ్రాందీ కరువైంది. ఇంగ్లండ్ సంపన్నుల బల్లల మీద ఆ ఖాళీని స్కాచ్, అంటే స్కాట్లండ్ విస్కీ, నింపింది.

ధాన్యపు సారా కలిపిన సీసాలో ఉన్నది నిజంగా విస్కీయేనా అన్న వివాదం 1905లో లండన్‌లోని ఇస్లింగ్టన్ కోర్టుకెక్కింది. 1908లో నియమించిన రాయల్ కమిషన్ మరుసటి ఏడాది నివేదిక ఇస్తూ, నిలువు బట్టీ సారా కూడా విస్కీయేనని తేల్చింది. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో తాగుడును అదుపుచేసే ప్రయత్నంలో భాగంగా 1915 చట్టం వచ్చింది. రెండేళ్లు, ఆ వెంటనే మూడేళ్లు గోదాములో నిలవ ఉంటేగాని అమ్మరాదన్న నియమం దాంతో మొదలైంది. స్కాచ్ కనీసం మూడేళ్లు ఓక్ పీపాలో ఊరాలన్న నేటి షరతుకు మూలం ఇదే. లేబుల్ మీద 12 అని ఉంటే, కలిపిన వాటిలో అన్నిటికన్నా లేతదానికి పన్నెండేళ్లు అని అర్థం. సీసాకెత్తాక ఆ వయసు ఇక పెరగదు. పన్నెండేళ్ల సీసాను ఇరవై ఏళ్లు బీరువాలో దాచినా అది పన్నెండేళ్ల విస్కీయే.

కానుక కోసమే రూపుదిద్దుకున్న సీసాలు ఇరవయ్యో శతాబ్దపు మధ్యలో వచ్చాయి. 1953లో రెండవ ఎలిజబెత్ పట్టాభిషేకానికి షివాస్ సంస్థ 'రాయల్ సెల్యూట్' విడుదల చేసింది. ఇరవై ఒక్క తుపాకుల గౌరవ వందనానికి గుర్తుగా అందులో ఇరవై ఒక్కేళ్ల విస్కీని పింగాణీ కూజాలో నింపారు. 1963లో గ్లెన్‌ఫిడ్డిక్ సంస్థ ఒకే డిస్టిలరీలో తయారైన 'సింగిల్ మాల్ట్'ను స్కాట్లండ్ బయట పెద్దయెత్తున అమ్మడం మొదలుపెట్టింది. సీసాను గొట్టపు పెట్టెల్లో, రేకు డబ్బాల్లో పెట్టి అమ్మిన తొలి సంస్థల్లో అదొకటి. 1988లో 'క్లాసిక్ మాల్ట్స్' పేరుతో వేర్వేరు ప్రాంతాల ఆరు మాల్టులు ఒక వరుసగా వచ్చాక, కొనేవారు కంపెనీతోపాటు ఊరు కూడా అడగసాగారు.

ఆ అడగడంలో న్యాయం ఉంది. ఐలా ద్వీపంలో చాలా డిస్టిలరీలు బార్లీని పీట్ (బురదనేలల్లో తవ్వి ఎండబెట్టిన వంటచెరుకు లాంటి మట్టి) పొగ మీద ఆరబెడతాయి. లఫ్రోయిగ్, ఆర్డ్‌బెగ్, లాగవూలిన్‌లలో పొగవాసన గట్టిగా తగిలేది అందుకే. స్పేసైడ్ ప్రాంతపు విస్కీలు ఎక్కువగా పండ్ల వాసనతో మెత్తగా ఉంటాయి. పీపా ప్రభావం కూడా తక్కువేమీ కాదు. అమెరికా చట్టం అక్కడి బోర్బన్ విస్కీకి ప్రతిసారీ కొత్త ఓక్ పాత్ర వాడాలంటుంది కాబట్టి పాత పీపాలు స్కాట్లండ్ చేరి వనిల్లా రుచినిస్తాయి. షెర్రీ వైన్ పీపాలు ఎండుద్రాక్ష రుచినిస్తాయి. 2009 నిబంధనలు సింగిల్ మాల్ట్, సింగిల్ గ్రెయిన్, బ్లెండెడ్ మాల్ట్, బ్లెండెడ్ గ్రెయిన్, బ్లెండెడ్ స్కాచ్ అనే ఐదు రకాలను, ఐదు ప్రాంతాల పేర్లను చట్టంలో స్థిరపరిచాయి. స్కాచ్‌లో ఆల్కహాలు 40 శాతానికి తగ్గరాదు. రుచుల్లో ఇన్ని తేడాలున్నాయి కాబట్టి అలవాటు లేని స్నేహితునికి మెత్తని బ్లెండ్ గాని స్పేసైడ్ మాల్ట్ గాని నప్పుతుంది. పొగ రుచి ఇష్టమని ముందే తెలిసినవారికే ఐలా సీసా సరైన కానుక.

భారతదేశంలో స్కాచ్ సీసాకు మర్యాద పెరగడానికి రుచితోపాటు సుంకం కూడా కారణమే. దిగుమతి సుంకం చాలాకాలం 150 శాతం ఉండేది. విదేశాల నుంచి వచ్చేవారికి మాత్రం రెండు లీటర్ల దాకా మినహాయింపు ఉంది. గల్ఫ్ నుంచో అమెరికా నుంచో వచ్చే తెలుగువాళ్ల సామానులో డ్యూటీఫ్రీ సీసా కానుకగా చోటుచేసుకున్నది ఆ వెసులుబాటుతోనే. 2025 జులైలో బ్రిటన్‌తో సంతకమైన ఒప్పందం సుంకాన్ని మొదట 75 శాతానికి, పదేళ్లలో 40 శాతానికి తగ్గించాలని నిర్ణయించింది.

దేశీయ విస్కీల్లో చాలా రకాలు చెరకు మడ్డి సారా ఆధారంగా తయారవుతాయి. ఐరోపా చట్టం అలాంటివాటిని విస్కీగా ఒప్పుకోదు. బెంగళూరులోని అమృత్ డిస్టిలరీస్ మాత్రం బార్లీతో చేసిన సింగిల్ మాల్ట్‌ను 2004లో నేరుగా గ్లాస్గోలోనే విడుదల చేసి పేరు తెచ్చుకుంది. స్కాట్లండ్ చలిలో ఏటా దాదాపు రెండు శాతం విస్కీ పీపా నుంచి ఆవిరవుతుంది. మన ఎండలకు అంతకు ఎన్నో రెట్లు పోతుంది. ఆ వేడికి విస్కీ త్వరగా పక్వానికి వస్తుంది కాబట్టి ఇక్కడి మాల్టులను స్కాచ్ వయసు అంకెలతో పోల్చి తక్కువ చేయడం సరికాదు. వీటిని ఎంచుకునేటప్పుడు దేనితో కాచారు, ఏ పీపాలో ఊరబెట్టారు, ఆల్కహాలు ఎంత శాతం అన్న మూడూ లేబుల్ మీద చూసుకోవాలి.